పాట ఎంత పెట్టాలి

ఆ స్టీరియో కోసం మా ఆయన బెక్‌తుర్ మోటారు సైకిల్ ఇచ్చేశాడు. పక్కన తొట్టి ఉన్న మోటారు సైకిల్ అది. వేసవిలో నేనూ పాపా ఆ తొట్టిలో కూర్చుని కొండల అవతల మా అత్తగారి ఊరు వెళ్ళేవాళ్ళం. ఒక శనివారం పొద్దున దానిమీద వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి డిపో స్నేహితుడి వ్యానులో తిరిగొచ్చాడు. వ్యానులోంచి ముందు యాంప్లిఫయర్ దిగింది, తర్వాత రికార్డ్ ప్లేయర్, ఆ తర్వాత నా నడుము దాకా వచ్చే రెండు స్పీకర్లు. మాది నాలుగో అంతస్తు. ఎక్కించేసరికి ఇద్దరి చొక్కాలూ వీపుకి అతుక్కుపోయాయి.

"మోటారు సైకిలేదీ?" అన్నాను.

"ఇదిగో," అన్నాడు స్పీకరు మీద చెయ్యి వేసి. మురిసిపోతున్నాడు.

"దీని మీద ఎక్కి మీ అమ్మ దగ్గరికి ఎలా వెళ్ళాలో కూడా చెప్పు."

"ఒక్కసారి విను నూరిపా. విన్నాక తిట్టు."

బెక్‌తుర్ ఫ్రూంజె నగరంలో ట్రాలీబస్సు నడిపేవాడు. రోజంతా తలుపుల చప్పుడు, జనం అరుపులు, పైన తీగ గీసుకుపోయే రొద. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, రెండు స్పీకర్లకీ మధ్య కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. నేను పిల్లల బడిలో ఆయాని. పొద్దున్నించి సాయంత్రం దాకా నా చెవుల్లో ఏడుపులూ కేకలే. నాకు ఇంట్లో చెంచా కింద పడినా ఒళ్ళు మండేది. ఇలాంటి ఇద్దరం రెండు గదుల ఇంట్లో ఉన్నాం.

"పాట వినిపిస్తే చాలదా? గోడలకి కూడా వినిపించాలా?" అనేదాన్ని.

"పాట కాదే, వాయించేవాడి వేలు తీగ మీద ఎక్కడ పడిందో వినాలి. మూడు తీగల కోముజ్ వాయిస్తుంటే గోరు తగిలిన చోటు వేరు, వేలి మెత్తన తగిలిన చోటు వేరు. తగ్గిస్తే అదంతా పోతుంది."

"పోనీ. నా తలనొప్పి కూడా పోతుంది."

అతను పెంచేవాడు. వంటింట్లోంచి వస్తూ నేను తగ్గించేదాన్ని. నేను వెనక్కి తిరగ్గానే మళ్ళీ పెంచేవాడు. మా పాప చోల్పోన్‌కి అప్పుడు నాలుగేళ్ళు. మేమిద్దరం దాంతో ఏదో ఆట ఆడుతున్నామనుకుని తనూ వచ్చి సౌండు పెంచే ఆ గుండ్రటి బిళ్ళని తిప్పేసేది. ఒకరోజు అది పూర్తిగా తిప్పేసింది. మేం ముగ్గురం ఎగిరి పడ్డాం. ఆ రోజే నా గోళ్ళరంగు తెచ్చి, బిళ్ళ పక్కన ఎర్ర చుక్క పెట్టాను.

"ఇది దాటితే నేను పాపని తీసుకుని మా అక్క దగ్గరికి పోతాను."

"నీ గోళ్ళరంగు చెప్పినట్టు వినాలా నా పాట?"

"వినాలి."

ఇంకో పని కూడా చేశాను. స్పీకర్లు అప్పటిదాకా స్టూళ్ళ మీద ఉండేవి. పాప లాగితే మీద పడతాయని దింపించి, నేల మీద గోడవార పెట్టించాను. బెక్‌తుర్ గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని ఊరుకోలేదు. ఒకటి రెండు రోజులు చెవి పెట్టి విని, "పలచబడిపోయింది, నీళ్ళ చారులా ఉంది," అంటూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. సౌండు తగ్గిస్తే పాటలో పై గొంతు మిగులుతుందట, అడుగున ఉండే బరువు పోతుందట. దానికి యాంప్లిఫయర్ మీద ఒక మీట ఉంది. అది నొక్కితే చిన్న సౌండులో కూడా బేస్ నిండుగా పలుకుతుంది. అతను నొక్కాడు. నాకేమీ తేడా తెలియలేదు. అతని మొహం మాత్రం విప్పారింది.

హమ్మయ్య, ఇల్లు కుదుటపడిందనుకున్నాను. సరిగ్గా ఆ వారమే కింది అంతస్తు ఒగుల్‌బీబీ మా తలుపు తట్టింది.

ఆవిడ తుర్క్‌మెన్ మనిషి. ఇక్కడి అతన్ని పెళ్ళి చేసుకుని వచ్చింది, అతను పోయాక ఒక్కతే ఉండేది. ఇంట్లో బడి పిల్లల బట్టలు కుట్టేది. మాకంటే చాలా పెద్ద గనక ఎజే అని పిలిచేవాళ్ళం, అక్కని పిలిచినట్టు. ఎవరి జోలికీ వచ్చే మనిషి కాదు. మేం స్టీరియో కొన్నాక, అంత గట్టిగా పెట్టినన్నాళ్ళూ మెట్ల మీద కలిస్తే, "నిన్నటి పాట బావుంది," అనేది కూడా. అలాంటిది ఆ రోజు గుమ్మంలో నిలబడి, చేతులు కోటు జేబుల్లో దాచుకుని, "తమ్ముడూ, కొంచెం ఆపుతావా," అంది.

"తగ్గించే ఉన్నాం ఎజే," అన్నాడు బెక్‌తుర్. "వినండి, ఇక్కడ నిలబడి మనం మామూలుగా మాట్లాడుకుంటున్నాం."

ఆవిడ విన్నది. గదిలోకి తొంగి చూసింది. "అయితే నాకే అలా ఉందేమో," అని వెళ్ళిపోయింది.

రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. "ఇప్పుడు ఇంకా ఎక్కువైంది."

"ఇంకా తగ్గించాను కదా!"

"నాకు తెలీదు. ఎక్కువైంది."

తలుపు వేశాక బెక్‌తుర్ నా వైపు తిరిగాడు. "చూశావా? గోడలు దద్దరిల్లేలా పెట్టినప్పుడు బావుందన్న మనిషి, గుసగుసలాడినట్టు పెడితే గొడవకొస్తోంది! లోకువ కట్టారు. తగ్గితే నెత్తికెక్కుతారు, ఇంతే జనం."

నాకూ అలాగే అనిపించింది. అయినా పక్కవాళ్ళతో తగువెందుకని ఇంకా తగ్గించమన్నాను. అతను తగ్గించాడు, తగ్గించిన ప్రతిసారీ మీట పక్కనున్న బేస్ బిళ్ళని ఇంకాస్త పెంచుకున్నాడు. పాట వినిపించీ వినిపించనట్టు ఉండేది. అతను కుర్చీ ముందుకు జరుపుకుని, స్పీకరు మీదికి వంగి, అరచెయ్యి దాని చెక్కకి ఆనించి కూర్చునేవాడు. పాట చెవితో కాక చేత్తో వింటున్నట్టుండేది. అయిదు నిమిషాలు కూర్చునేవాడు కాదు. లేచేవాడు, రికార్డు మార్చేవాడు, మళ్ళీ లేచేవాడు. చూసి చూసి నాకు కూడా కాలు ఒకచోట నిలిచేది కాదు.

చివరికి ఆవిడ మిలీషియాకి, అంటే పోలీసులకి, చెప్పింది. మా పేటకి మామిత్ అనే అధికారి ఉండేవాడు. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. ఆవిడ అతని వెనక నిలబడింది. బెక్‌తుర్ రికార్డు పెట్టి చూపించాడు.

"ఇదేనా?" అన్నాడు మామిత్.

"ఇదే అన్నా. రోజూ ఇంతే," అన్నాడు బెక్‌తుర్.

మామిత్ టోపీ తీసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. "మా ఇంట్లో టీ కెటిల్ ఇంతకంటే గట్టిగా మోగుతుంది. ఏవమ్మా, దీనికోసం నన్ను నాలుగంతస్తులు ఎక్కించావా? రాత్రి పూట పెడుతున్నారా? లేదు. తాగి గోల చేస్తున్నారా? లేదు. మరి నీ బాధేంటి?"

ఆవిడ స్పీకర్ల వైపు చూసింది. "ఏం లేదు," అంది. తల వంచుకుని మెట్లు దిగిపోయింది. మామిత్ మా ఇంట్లో ఒక గిన్నె చాయ్ తాగి, నూనెలో వేయించిన పిండి బోర్సోకులు తిని వెళ్ళాడు. అతను వెళ్ళాక బెక్‌తుర్, "తేలిపోయిందిగా," అన్నాడు. కాని ఆ సాయంత్రం అతను రికార్డు పెట్టనే లేదు. బాల్కనీలో నిలబడి సిగరెట్లు కాల్చాడు.

ఆ తర్వాతే నేను గమనించడం మొదలుపెట్టాను. బజారు నుంచి వస్తుంటే వాకిట్లో బెంచీ మీద ఒగుల్‌బీబీ కనిపించేది. మంచూ వానా కలిసి పడుతున్నప్పుడు కూడా. ఒంటి మీద కోటు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు, ఒళ్ళో ఒక చేతిసంచి. తలెత్తి చూస్తే మా కిటికీలో దీపం, బెక్‌తుర్ తల.

"ఇంత చలిలో ఇక్కడేంటి ఎజే?"

"గాలి కోసం."

"చెప్పులతోనా?"

"నీ సరుకులు తడిసిపోతున్నాయి, వెళ్ళమ్మా."

'గాలి కోసం' అన్న మాట నన్ను పట్టుకుంది. వంట చేస్తున్నా, పిల్లకి జడ వేస్తున్నా, బెంచీ మీద ఆ చెప్పులే కళ్ళముందు. ఒక ఆదివారం బోర్సోకులు వేయించి, పళ్ళెం నిండా పెట్టుకుని, పాపని బెక్‌తుర్‌కి అప్పగించి కిందికి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి నన్ను చూసి కంగారుపడింది గాని లోపలికి రమ్మంది. కుట్టుమిషను ముందు చిన్న చిన్న గౌన్లు. గోడవార గాజు తలుపుల బీరువా, అందులో వరసగా గ్లాసులు. చాయ్ పోసింది. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

అప్పుడు పైన బెక్‌తుర్ రికార్డు పెట్టాడు.

పెట్టాడని నాకు పాటవల్ల తెలియలేదు. పాట అసలు వినపడలేదు. బీరువాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలైంది. నా గిన్నెలో చాయ్ మీద ముడతలు పడ్డాయి. పైనుంచి వేలాడే దీపం, చూస్తే ఊగుతోందో లేదో తెలియనంతగా, ఊగింది. అరికాళ్ళ కింద నేల ఏదో గొణుగుతున్నట్టుంది.

ఒగుల్‌బీబీ లేచి నిలబడింది. తను లేచానని ఆవిడకి తెలిసినట్టు లేదు. వెళ్ళి గుమ్మం చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆ మొహం చూసి నేను చాయ్ గిన్నె కింద పెట్టేశాను. తలుపు పక్కన మేకుకి ఆ చేతిసంచి వేలాడుతోంది.

"ఎజే, అది మా ఆయన. పాట పెట్టాడు."

"తెలుసు. నాకు తెలుసమ్మా. దీనికి తెలీదు," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

నేను బాల్కనీలోకి పరిగెత్తి పైకి చూస్తూ ఆపమని అరిచాను. ఆగిపోయింది. గ్లాసులు ఇంకో క్షణం మోగి ఊరుకున్నాయి. ఆవిడ వచ్చి కుర్చీలో కూలబడింది. అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా, గౌను అంచు మడతపెడుతూ.

"మాది అష్‌గాబాద్. అప్పటికి నేను మీ పాప కంటే కొంచెం పెద్దదాన్ని. రాత్రి పూట ముందు గ్లాసులు మోగాయి. మా అమ్మ లేచి కూర్చుంది. మా నాన్న ఏమన్నాడో తెలుసా? 'గూడ్సు బండి పోతోంది, పడుకోండి' అన్నాడు. మా అమ్మ పడుకుంది. తమ్ముళ్ళు లేవనే లేదు. నాకు ఒంటేలుకి వస్తే వాకిట్లోకి వెళ్ళాను. అంతే."

"అంతేనా?"

"వెనక్కి తిరిగేసరికి ఇల్లు లేదు. వీధి లేదు. ఊరే లేదు."

చాయ్ చల్లారిపోయింది. నేనే అడిగాను. "మరి ఇంతకుముందు అంత గట్టిగా పెట్టినప్పుడు భయం వెయ్యలేదా?"

"అప్పుడు పాట వినపడేది కదా! పాట వినపడితే పాట అని తెలుస్తుంది. భూమి పాడదు. ఇప్పుడు మీరు పాట తీసేసి చప్పుడు ఉంచారు."

నేను పైకి వెళ్ళి బెక్‌తుర్‌కి చెబితే నమ్మలేదు. "మామిత్ విన్నాడు, నువ్వు విన్నావు, ఏమన్నా ఉందా? ఆవిడ ఏదో కథ చెప్పింది, నువ్వు కరిగిపోయావు."

"వెళ్ళి నీ కాళ్ళతో విను," అన్నాను. "నేనిక్కడ తిప్పుతాను."

మూతి ముడుచుకుని వెళ్ళాడు. నేను రికార్డు పెట్టి, అతని అలవాటు ప్రకారం మీట నొక్కి ఉంచాను. ఒక్క నిమిషం కాకుండానే కింది నుంచి వేడినీళ్ళ గొట్టం మీద ధడధడా కొట్టాడు. ఆపాను. తర్వాత మీట తీసేసి, బేస్ తగ్గించి, సౌండు ఎర్ర చుక్క దాకా తెచ్చాను. చప్పుడు లేదు. ఇంకా పెంచాను. చుక్క దాటించాను, నా చేత్తో నేనే. కింద బాల్కనీలోంచి బెక్‌తుర్ గొంతు వినిపించింది.

"ఇంకా పెంచమంటోంది!"

"ఎవరు?"

"ఎజే! కోముజ్ సరిగ్గా వినపడటం లేదట!"

తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో రక్తం లేదు. స్పీకర్లని ఒక్కడే ఎత్తి మళ్ళీ స్టూళ్ళ మీద పెట్టాడు. మర్నాడు డిపో నుంచి పాత టైరు రబ్బరు ముక్కలు కోసుకొచ్చి స్టూళ్ళ కాళ్ళ కింద పెట్టాడు. మా అత్తగారిచ్చిన మందపాటి ఉన్ని కంబళి మడిచి స్టూళ్ళ మీద, స్పీకర్ల కింద వేశాడు. తర్వాత కిందికి వెళ్ళి ఆవిడ గ్లాసుల ముందు చెవి పెట్టి కూర్చున్నాడు, నేను పైన పెంచుతూ తగ్గిస్తూ ఉంటే. ఆ పని అయ్యేసరికి సాయంత్రమైంది. ఆవిడ నవ్వడం ఆ రోజే చూశాను.

"ఇకమీదట ఎప్పుడన్నా కాస్త ఊగితే కంగారుపడకండి ఎజే," అన్నాడు బెక్‌తుర్ గుమ్మంలో. "అది నేనే. భూమి కాదు."

"నువ్వేగా," అంది ఆవిడ. "సరే."

శీతాకాలం అలా గడిచింది. బెంచీ ఖాళీగా ఉండేది. గొడవంతా నాకే మిగిలింది. నేను పెట్టిన చుక్క ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను తగ్గిస్తే, పైన ఇతనూ కింద ఆవిడా ఒకటై, "వినపడటం లేదు," అనేవాళ్ళు. నేను పిల్లని తీసుకుని వంటింట్లో తలుపేసుకునేదాన్ని.

మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం, లగ్మన్ నూడుల్స్ కోసం పిండి సాగదీస్తున్నాను. బల్ల మీద అప్పడాల కర్ర దానంతటది దొర్లింది. నేను చూస్తుండగానే అంచుదాకా వెళ్ళి కింద పడింది. బెక్‌తుర్ మళ్ళీ ఆ మీట నొక్కాడా అని కోపంగా గదిలోకి వచ్చాను. అతను స్పీకర్ల మధ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. మీట నొక్కి లేదు. దీపం అటూ ఇటూ ఊగుతోంది. గోడ లోపల ఎవరో బస్తా ఈడుస్తున్నట్టు చప్పుడు.

"బెక్‌తుర్!"

వినలేదు. పాపని చంకనేసుకుని, అతని జుట్టు పట్టి లాగాను. మెట్ల మీద అప్పటికే జనం. పిండి చేతులతో, ఒక చెప్పుతో, తలకి తువ్వాలుతో. ఎవరో పిల్లిని పట్టుకుని పరిగెడుతున్నారు. వాకిట్లో నిలబడ్డాక భూమి ఇంకొకసారి విదిలించి ఊరుకుంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పైన మా ఇంట్లో రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. తెరిచిన బాల్కనీలోంచి కోముజ్ వాకిలంతా వినిపిస్తోంది.

జనం ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. బెక్‌తుర్ బెంచీ వైపు చూశాడు. నేనూ చూశాను.

"ఎజే ఏది?"

ఎవరూ చూడలేదు. నేను వద్దని అరుస్తూనే ఉన్నాను, అతను లోపలికి పరిగెత్తాడు. తర్వాత ఏం జరిగిందో అతనే చెప్పాడు. తలుపు బాదితే ఆవిడ తీరిగ్గా వచ్చి తీసిందట. వేలికి కుట్టుతొడుగు, పెదాల మధ్య దారం.

"ఏం తమ్ముడూ, ఇవాళ మళ్ళీ మీట నొక్కావా?" అందట. "ఫర్లేదులే, పాట వినపడుతూనే ఉంది."

"ఎజే, నేను కాదు," అన్నాడట ఇతను.

ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చేతిలో సంచి లేదు, ఒంటి మీద కోటు లేదు. బెంచీ మీద కూర్చోబెట్టి నా శాలువా కప్పాను. ఆవిడ దాని అంచు రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అంది, ఎవరితోనో తెలియదు:

"నా ఒళ్ళు లేచింది. నేనే కూర్చోబెట్టాను. 'మావాడే, కూర్చో' అన్నాను."

బెక్‌తుర్ ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ అతని భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. మళ్ళీ వేసింది. తర్వాత అక్కడే చెయ్యి ఉంచేసింది.

పెద్దగా ఏమీ కూలలేదు. కాస్త సున్నం రాలింది, రొట్టెల దుకాణం గోడకి పగులు వచ్చింది. చీకటి పడేలోపు ఒక్కొక్కళ్ళూ ఇళ్ళలోకి వెళ్ళారు. అందరికంటే చివర ఆవిడ లేచింది.

బెక్‌తుర్ స్టీరియో వైరు పీకేసి, మీద దుప్పటి కప్పాడు. ఒక రోజు, రెండు రోజులు, వారం. నేను కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. అది భరించలేకపోయాను. వీధిలో లారీ పోతే దీపం వైపు చూసేదాన్ని. పాప పరిగెడితే కసిరేదాన్ని. అతను పని నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని, లేచి, వంటింట్లోకి వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళేవాడు.

"ఎక్కడన్నా ఓ చోట ఉండు!" అన్నాను.

"ఉంటున్నాగా," అని బాల్కనీలోకి వెళ్ళాడు.

ఆ వారం చివర ఒగుల్‌బీబీ పైకి వచ్చింది. గుమ్మంలోంచే దుప్పటి కప్పిన స్పీకర్లని చూసింది.

"ఏం తమ్ముడూ, పెట్టవేం?"

"వద్దులెండి ఎజే. అమ్మేద్దామనుకుంటున్నాను."

"అమ్మి?"

"మోటారు సైకిల్ తీసుకున్నవాడు దాన్ని వెనక్కి ఇస్తాడేమో అడుగుతా."

"మంచి పనే. మరి ఇంత నిశ్శబ్దంలో నేనేం చెయ్యాలి? రోజంతా గ్లాసుల వైపే చూస్తూ కూర్చున్నాను. సూది కూడా కదల్లేదు." ఆవిడ లోపలికి వచ్చింది. "పెట్టు. కాని ఒక్కటి. 'అది నేనే' అని నాకు ముందుగా చెప్పకు. ఇంకెప్పుడూ చెప్పకు. నాకు అనుమానం వస్తే నేను పరిగెడతాను. ఎన్నిసార్లయినా పరిగెడతాను. కింద కూర్చుని నిన్ను పిలుస్తాను. అప్పుడు బాల్కనీలోకి వచ్చి, చూసి, నువ్వో కాదో చెప్పు."

"మీరు పరిగెడుతుంటే నేను పాట ఎలా వింటాను?"

"అది నీ కష్టం. నా కాళ్ళు నావి."

అతను నా వైపు చూశాడు. దుప్పటి తీసి వైరు పెట్టాడు. ఆవిడ కిందికి వెళ్ళిపోయింది. రికార్డు తిరగడం మొదలైంది. బెక్‌తుర్ బిళ్ళ మీద వేళ్ళు ఉంచి కొంచెం పెంచాడు. వంగి నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తగ్గించాడు. కింది ఇంట్లోంచి మాట కోసం చెవి రిక్కించాడు. మళ్ళీ పెంచాడు. పాట సగమైంది, అతను ఇంకా కుర్చీలో కూర్చోలేదు.

"చాలా?" అని నన్ను అడిగాడు.

నాకూ తెలియలేదు.